ఎండలు ముదిరేలోగా నిమ్మనూనె సీసా చూసుకోండి

మార్చి వచ్చిందంటే అనంతపురం, కర్నూలు, కడపల్లో ఎండ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఇంట్లోనే ఫేస్ ఆయిల్ కలుపుకునేవాళ్లు, పది సీసాలు చేసి తెలిసినవాళ్లకు అమ్మేవాళ్లు ఆలోపే తాము వాడే ఎసెన్షియల్ ఆయిల్ (మొక్కల నుంచి తీసే ఘాటైన సువాసన నూనె) ఏది, దాన్ని ఎలా తీశారు అన్నది చూసుకోవాలి.

ముఖ్యంగా నిమ్మ. తొక్కను పిండి తీసిన నూనెలో ఫ్యూరోకౌమరిన్లు అనే పదార్థాలు ఉంటాయి. అవి చర్మం మీదుండగా ఎండ తగిలితే కాలినట్టే అవుతుంది. అప్పటికప్పుడు ఏమీ తెలియదు. ఒకటి రెండు రోజులకు ఎర్రబడి, బొబ్బలు లేస్తాయి. అవి మానాక మిగిలే నల్లమచ్చ నెలల తరబడి పోదు. మచ్చలు తగ్గాలని రాసుకున్నవాళ్లకు ఇంతకంటే బాధ ఏముంటుంది?

రాసి వదిలేసే క్రీములు, నూనెల్లో పెద్ద లెమన్ తొక్కనూనె 2 శాతం, లైమ్ తొక్కనూనె 0.7 శాతం, బెర్గమాట్ అనే మరో నిమ్మజాతి పండు తొక్కనూనె 0.4 శాతం దాటకూడదు. మన కాగితపు నిమ్మ లైమ్ జాతిదే కాబట్టి, 30 మిల్లీలీటర్ల ఫేస్ ఆయిల్‌కు నాలుగు చుక్కలే. మన ఎండకు అది కూడా వద్దంటాను. ఆవిరి పట్టి తీసిన నిమ్మనూనెకు ఈ గుణం ఉండదు, అదే కొనండి. సీసా మీద ఎలా తీశారో రాయకపోతే తొక్కనూనె కిందే లెక్కేసుకోండి. కడిగేసే సబ్బులతో ఈ టెన్షన్ లేదు.

రెండో సంగతి వేడి. కడప బండల గూట్లో పెడితే చల్లగానే ఉంటుందనుకుంటాం. మిద్దె కాలిందంటే సాయంత్రానికి ఆ గూడూ వేడెక్కుతుంది. వేడికి, గాలికి పాడైన నిమ్మ, టీట్రీ, లావెండర్ నూనెలు తాజావాటికంటే ఎక్కువగా అలర్జీ తెస్తాయి. ముదురు రంగు గాజుసీసాలో, మూత బిగించి, పిల్లలకు అందకుండా ఫ్రిజ్‌లో పెట్టండి. సగమైతే చిన్న సీసాలోకి మార్చండి. వాసన మారి టర్పెంటైన్ కంపు కొడితే పారబోయండి, డబ్బులు పోయాయని చూడొద్దు.

ఏ ఎసెన్షియల్ ఆయిలైనా నేరుగా ముఖానికి రాయకండి. 30 మిల్లీలీటర్ల కొబ్బరి లేదా నువ్వుల నూనెకు ఆరు చుక్కలంటే దాదాపు 1 శాతం, ముఖానికి అంతకు మించొద్దు. నిమ్మగడ్డి నూనె ఇంకా ఘాటు, సగం చాలు. కలిపినదాన్ని మోచేతి మడతలో రాసి రెండు రోజులు ఆగి చూడండి. దురద పుడితే అది మీకు పడదు.

పసిపిల్లల ముఖానికి నీలగిరి తైలం, కర్పూరం కలిపినవి అసలు వద్దు. రాసుకున్నచోట మండితే నీళ్లకంటే ముందు దూదితో కొబ్బరినూనె అద్ది తుడిచి, తర్వాత సబ్బుతో కడగండి. చెమటతో పాటు కంట్లోకి దిగితే పావుగంట ధారగా మంచినీళ్లతో కడిగి డాక్టరుకు చూపించండి. పిల్లలు మింగితే వాంతి చేయించవద్దు, ఆ సీసా చేత్తో పట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.