కుక్కలో టీ4 తక్కువ, థైరాయిడ్ గ్రంథి మాత్రం బాగుంది: మెడ స్కాన్ చేసేవాళ్లకు

లాబ్రడార్ లావెక్కింది. పిలిస్తే లేవదు. రెండు పక్కలా ఒకేలా వెంట్రుకలు రాలాయి, తోక బోడిగా ఎలుక తోకలా అయింది, దురద మాత్రం లేదు. రక్తంలో కొలెస్ట్రాల్ ఎక్కువ, థైరాయిడ్ గ్రంథి చేసే హార్మోన్ టీ4 తక్కువ. హనుమకొండలో ఇలాంటి రిపోర్టుతో నా దగ్గరికి వచ్చే చాలా కుక్కలకు అప్పటికే జీవితాంతం థైరాక్సిన్ (అదే హార్మోన్ గోలీ) అని రాసి ఉంటుంది. ఒక్క టీ4 చూసి ఆ మాట అనకండి. ఒంట్లో ఇంకే పెద్ద జబ్బున్నా టీ4 పడిపోతుంది. గ్రంథి నిజంగా చెడిందా, బాగుండి కూడా అణిగిపోయిందా అన్న అనుమానం తీర్చుకోవడానికే మెడ అల్ట్రాసౌండ్ స్కాన్.

గ్రంథి దొరకట్లేదు

దాదాపు ప్రతిసారీ తప్పు ప్రోబ్‌దే, అంటే మెడ మీద ఆనించే స్కాన్ పరికరానిదే. పొట్ట చూసే వంపు ప్రోబ్ ఇక్కడ పనికిరాదు, 10 మెగాహెర్ట్జ్ పైన ఉన్న లీనియర్ ప్రోబ్ కావాలి. వెల్లకిలా పడుకోబెట్టి, మెడ చాచి, వెంట్రుకలు గొరిగి, ముందు అడ్డంగా చూడండి. శ్వాసనాళానికీ కెరోటిడ్ ధమనికీ మధ్యలో ఉంటుంది. ఎడమవైపు అన్నవాహికను చూసి గ్రంథి అని కొలిచేవాళ్లున్నారు. గుటక వేసినప్పుడు లోపల గాలి, ఎంగిలి జారుతూ కనిపిస్తే అది అన్నవాహికే.

గ్రంథి చిన్నగా, నల్లగా ఉంది

ఆరోగ్యమైన గ్రంథి పక్క కండరం కంటే తెల్లగా, అంతటా ఒకేలా ఉంటుంది. చెడినది కుంచించుకుపోయి, నల్లబడి, అంచులు ఎగుడుదిగుడుగా, అడ్డకోతలో గుండ్రంగా కనిపిస్తుంది. రెండు వైపులా పొడవు, వెడల్పు, మందం గుణించి 0.52తో హెచ్చవేసి, వచ్చిన పరిమాణాన్ని కుక్క బరువుతో పోల్చి చూడండి. దీనికి తోడు టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పని చేయించడానికి మెదడు కిందున్న పిట్యూటరీ గ్రంథి పంపే హార్మోన్) ఎక్కువుంటే ఇక అనుమానం అక్కర్లేదు. కొన్ని నిజమైన కేసుల్లోనూ టీఎస్‌హెచ్ మామూలుగానే వస్తుంది, అది చూసి వదిలెయ్యకండి. థైరాక్సిన్ కిలోకు 20 మైక్రోగ్రాములు, రోజుకు రెండుసార్లు. మనుషుల లెక్కతో చూస్తే ఎక్కువనిపిస్తుంది, కుక్కకు అంత కావాలి. 4 నుంచి 6 వారాల తర్వాత, గోలీ వేసిన 4 నుంచి 6 గంటలకు మళ్లీ టీ4 చూడండి.

టీ4 తక్కువ, గ్రంథి మాత్రం చక్కగా ఉంది

నేను దెబ్బతిన్నది ఇక్కడే. కాజీపేట నుంచి ఒక ఆడ లాబ్రడార్‌ను తెచ్చారు. స్కాన్‌లో రెండు వైపులా గ్రంథి నిండుగా, తెల్లగా ఉంది. ‘స్టెరాయిడ్ ఏమన్నా వాడారా’ అంటే ‘లేదు సార్’ అన్నారు. నమ్మి థైరాక్సిన్ రాశాను. రెండు నెలలైనా ఒక్క వెంట్రుక మొలవలేదు. అప్పుడు ఇంకోలా అడిగాను: చెవికి, చర్మానికి ఏం పెడుతున్నారు? ‘గోలీలు ఏం వెయ్యలే సార్, గా చెవులల్ల చుక్కల మందే’ అంటూ ఆ ఇంటి అమ్మ సంచిలోంచి సీసా తీసింది. లేబుల్ సగం చెరిగిపోయింది, మిగిలిన చిన్న అక్షరాల్లో బీటామెథాసోన్, అంటే స్టెరాయిడే. రోజుకు రెండుసార్లు, నాలుగు నెలలుగా. పొద్దంతా నీళ్లు తాగుతోందని, రాత్రిళ్లు ఇంట్లోనే ఉచ్చ పోస్తోందని అప్పుడు చెప్పారు. థైరాయిడ్ లోపంలో అంత దాహం ఉండదు. అదే నేను ముందే అడగాల్సిన ప్రశ్న.

స్టెరాయిడ్ గోలీ రూపంలో వెళ్లినా, చుక్కల్లో వెళ్లినా, దురదకు రాసే మనుషుల క్రీములో వెళ్లినా టీ4ను తగ్గిస్తుంది. వెంట్రుకలూ అలాగే రాలుతాయి, పొట్టా జారుతుంది. అందుకే ‘స్టెరాయిడ్ వాడారా’ అని అడగకండి. ఆ పేరు వాళ్లకు తెలియదు. ఇంట్లో ఉన్న ట్యూబులు, సీసాలు, ఖాళీ షీట్లు అన్నీ సంచిలో వేసుకు రమ్మనండి, మీరే చదవండి. మందును ఒక్కసారిగా ఆపొద్దు, ఒంటికి సొంత స్టెరాయిడ్ తయారుచేసే అడ్రినల్ గ్రంథులు కూడా నిద్రపోయి ఉంటాయి. మెల్లగా తగ్గించండి. చెవిలో ఉన్నది ఈస్టా, బ్యాక్టీరియానా స్లైడ్ వేసి చూసి దానికే మందివ్వండి. పూర్తిగా ఆపిన 6 నుంచి 8 వారాలకు టీ4, టీఎస్‌హెచ్ కలిపి మళ్లీ చేయించండి. కాజీపేట కుక్కకు అప్పటికి టీ4 మామూలుకొచ్చింది, తోక మీద నూగు మొలిచింది.

ఫిట్స్‌కు ఫినోబార్బిటాల్, సల్ఫా మందులు కూడా టీ4ను తగ్గిస్తాయి, ఆ సంచిలోనే దొరుకుతాయి. గ్రేహౌండ్ లాంటి వేట జాతుల్లో టీ4 పుట్టుకతోనే తక్కువ. పిట్యూటరీ లోపం, గ్రంథిలో గడ్డ చాలా అరుదు, మొదటి రోజు వాటి వెంట పడకండి. అయితే థైరాయిడ్‌ను చెడగొట్టే వాపు మొదట్లో గ్రంథి మామూలుగానే కనిపించొచ్చు. మందులేవీ లేకుండా టీ4 తక్కువగానే ఉంటే, మూడు నెలల తర్వాత అదే ప్రోబ్‌తో మళ్లీ కొలవండి.