చిప్‌లో ఆప్టమర్ దొరకడం లేదా? ముందు ఇవి చూడండి

మనకు కావలసిన దానికి, ఇక్కడ క్యాన్సర్ కణానికి, మాత్రమే అతుక్కునే డీఎన్ఏ ముక్క కోసం కోటి కోట్ల ముక్కల్లో (ఈ గుంపే లైబ్రరీ) వెతకడమే సెలెక్స్. లైబ్రరీని కణాల మీద పోనిచ్చి, అతుక్కోనివి కడిగేసి, అతుక్కున్నవాటికి కాపీలు తీయడం ఒక రౌండు. అలా చాలా రౌండ్లు చెయ్యాలి. అలా దొరికిన ముక్కే ఆప్టమర్. ఈ పద్ధతి 1990లో వచ్చింది. వెంట్రుకంత సన్నటి చానళ్లున్న చిప్‌లో చేస్తే రౌండ్లు తగ్గొచ్చు గానీ, కొత్త తలనొప్పులూ వస్తాయి.

సమస్య: ఫ్లో ఆగి ఆగి వస్తోంది.
కారణం: గాలి బుడగ. ఫ్రిజ్‌లోంచి తీసిన బఫర్ (చిప్‌లో పారించే ఉప్పు ద్రావణం) చిప్‌లో వేడెక్కుతూ గాలిని వదులుతుంది.
పరిష్కారం: బఫర్‌ని గది వేడికి రానిచ్చి, వాక్యూమ్‌లో గాలి తీసేయండి. ఖాళీ చానల్‌ని ముందు ఇథనాల్‌తో నింపి, తర్వాత బఫర్‌తో బాగా కడగండి. ఇథనాల్ చుక్క మిగిలినా కణాలు చస్తాయి.

సమస్య: ఐదారు రౌండ్లయినా బైండింగ్ (కణాలకు అతుక్కోవడం) పెరగడం లేదు, డీఎన్ఏ మాత్రం బోలెడు వస్తోంది.
కారణం: ఇక్కడే అందరూ లైబ్రరీని తిడతారు. మేమూ మూడు వారాలు తిట్టాం. చివరికి కణాలు వెయ్యకుండా ఖాళీ చిప్‌లో లైబ్రరీ పంపి చూస్తే దాదాపు అంతే డీఎన్ఏ వచ్చింది! అదంతా చిప్ గోడలకు, అంటే పీడీఎంఎస్ అనే సిలికాన్ రబ్బరుకు, అంటుకున్నదే. ఖాళీ చిప్‌లో ఏమీ రాకపోతే చచ్చిన కణాల్ని అనుమానించండి. అవి ఏ డీఎన్ఏనైనా లోపలికి లాగేసుకుంటాయి.
పరిష్కారం: గోడలకు ముందే బీఎస్ఏ (ఆవు రక్తంలోని ప్రొటీన్) పట్టించండి, బైండింగ్ బఫర్‌లో ఈస్ట్ టీఆర్ఎన్ఏ కలపండి. డీఎన్ఏ ఊరికే అంటుకునే చోట్లను ఇవి ముందే నింపేస్తాయి. చచ్చిన కణాలకే పట్టే ప్రొపిడియం అయొడైడ్ రంగుతో అవి ఎన్నో చూసుకోండి. కణాల్ని ప్లేటు నుంచి ట్రిప్సిన్‌తో ఊడదీయొద్దు, మనకు కావలసిన ప్రొటీన్నే కోసేయొచ్చు. ఈడీటీఏ నయం, కాకపోతే తర్వాత దాన్ని కడిగెయ్యాలి, లేదంటే ఆప్టమర్ మడత నిలవడానికి కావలసిన మెగ్నీషియాన్ని లాగేస్తుంది.
ఇంకోటి, మొదటి రౌండ్‌లో గట్టిగా కడగొద్దు. అప్పుడు ఒక్కో రకం ముక్క ఒకటో రెండో ఉంటుంది, పోతే మళ్లీ రాదు. ఫ్లో వేగం రౌండు రౌండుకీ పెంచండి.

సమస్య: జెల్‌లో (డీఎన్ఏని పొడవును బట్టి విడదీసే పలక) మన ముక్కల గీత, అంటే బ్యాండ్, పైన పొగలాంటి మరక.
కారణం: డీఎన్ఏకి కాపీలు తీసే పీసీఆర్‌లో సైకిళ్లు ఎక్కువయ్యాయి. ప్రైమర్లు (కాపీని మొదలుపెట్టే చిన్న ముక్కలు) అయిపోయాక ముక్కలు ఒకదానికొకటి అతుక్కుంటాయి.
పరిష్కారం: కొంచెం శాంపిల్‌తో 6, 8, 10, 12 సైకిళ్ల దగ్గర తీసి జెల్‌లో చూడండి. పొగ మొదలవ్వక ముందు ఆపండి.

సమస్య: మామూలు కణాన్ని కూడా పట్టుకుంటోంది.
కారణం, పరిష్కారం: వడపోత చాలలేదు. లైబ్రరీని మామూలు కణాల చానల్లోంచి పోనిచ్చి, అతుక్కోకుండా బయటికొచ్చిందే వాడండి. 2006లో వెలువడిన ఎస్‌జీసీ8 ఆప్టమర్‌ని, చిప్‌లో కాకపోయినా, ఇలాంటి వడపోతతోనే తీశారు. సీసీఆర్ఎఫ్-సీఈఎం ల్యుకేమియా కణాలకు పట్టేవి ఉంచి, రామోస్ కణాలకు (ఇవి మామూలువి కావు, వేరే రకం రక్త క్యాన్సర్‌వి) పట్టేవి తీసేశారు. అది పట్టుకునేది పీటీకే7 ప్రొటీన్ని అని తర్వాత తేలింది.

సమస్య: 4 డిగ్రీల దగ్గర బాగా పట్టింది, 37 దగ్గర వదిలేస్తోంది.
పరిష్కారం: బఫర్‌లో మెగ్నీషియం ఉందో లేదో చూడండి. ఉంటే, చివరి రౌండ్లు 37 దగ్గరే మళ్లీ చెయ్యాలి.