అజూర్ అడ్మినిస్ట్రేటర్ పరీక్ష (ఏజెడ్-104) పాసవడం ఎలా?

అజూర్ అంటే మైక్రోసాఫ్ట్ క్లౌడ్, అంటే ఇంటర్నెట్ ద్వారా అద్దెకిచ్చే కంప్యూటర్లు, స్టోరేజ్. దాన్ని నిర్వహించేవాళ్ల కోసం పెట్టిన ఏజెడ్-104 పరీక్షలో పాసవ్వాలంటే 1000కి 700 రావాలి. సమయం 100 నిమిషాలు, ప్రశ్నలు సుమారు 40 నుంచి 60. తప్పు రాస్తే మార్కులు కోయరు, కాబట్టి ఏదీ ఖాళీగా వదలొద్దు. ఫలానా సర్వీసు అంటే ఏమిటని ఇందులో అడిగేది తక్కువ. సెట్టింగులు ఇలా పెట్టాం, ఎందుకు పనిచేయడం లేదు అని అడిగేదే ఎక్కువ. అందుకే వీడియోలు ఎన్ని చూసినా చేత్తో చేయకపోతే లాభం లేదు.

1. ఉచిత అకౌంట్ తెరవండి. కొత్తవాళ్లకి 30 రోజుల్లో వాడుకోవడానికి 200 డాలర్ల క్రెడిట్ ఇస్తారు. ప్రతి ల్యాబ్‌నీ కొత్త రిసోర్స్ గ్రూప్‌లో (అజూర్‌లో సృష్టించినవన్నీ కలిపి ఉంచే ఫోల్డర్ లాంటిది) చేసి, పడుకునే ముందు ఆ గ్రూప్ మొత్తం డిలీట్ చేయండి. వర్చువల్ మెషీన్‌ని (క్లౌడ్‌లో అద్దెకి తీసుకున్న కంప్యూటర్‌ని) లోపలి నుంచి షట్‌డౌన్ చేస్తే బిల్లు ఆగదు. అజూర్ వెబ్‌సైట్ పోర్టల్‌లో స్టాప్ కొట్టి 'డీఅలకేటెడ్' (కేటాయింపు వదిలేసింది) అని వచ్చాకే ఆగుతుంది, అప్పుడు కూడా డిస్కు చార్జీ పడుతూనే ఉంటుంది. ఇది పరీక్షకీ పనికొచ్చే సంగతే.

2. ముందు అనుమతులు నేర్చుకోండి. ఎవరు ఏం చేయొచ్చో రోల్ చెబుతుంది. కంట్రిబ్యూటర్ రోల్ ఉన్నవాళ్లు మెషీన్లు సృష్టించగలరు కానీ ఇంకొకరికి రోల్ ఇవ్వలేరు. ఓనర్ అయినా సరే, పొరపాటున చెరిపేయకుండా పెట్టే డిలీట్ లాక్ తీయకుండా ఆ రిసోర్స్‌ని చెరపలేరు. రిసోర్స్ గ్రూప్‌కి పెట్టిన ట్యాగ్ (గుర్తు కోసం తగిలించే లేబుల్) లోపలి రిసోర్స్‌లకి దానంతటదే రాదు.

3. ఎక్కువ రోజులు నెట్‌వర్కింగ్‌కి ఇవ్వండి. చాలామంది తడబడేది ఇక్కడే. 10.1.0.0/16, 10.2.0.0/16, 10.3.0.0/16 అనే చిరునామాల శ్రేణులతో మూడు వర్చువల్ నెట్‌వర్క్‌లు పెట్టి, ఒక్కోదాంట్లో ఒక చిన్న లినక్స్ మెషీన్ ఉంచండి. మొదటిదాన్ని రెండోదానితో, రెండోదాన్ని మూడోదానితో పీరింగ్ చేసి (నేరుగా కలిపి), మొదటిదాని నుంచి మూడోదానికి పింగ్ (చేరుతుందో లేదో చూసే పరీక్ష సందేశం) కొట్టండి. వెళ్లదు. పీరింగ్ ఒకదాని మీదుగా ఇంకొకదానికి పాకదు. విండోస్ మెషీన్‌తో ప్రయత్నిస్తే సరిగ్గా కలిపిన చోట కూడా పింగ్ రాకపోవచ్చు, ఎందుకంటే దాని సొంత ఫైర్‌వాల్ అడ్డుకుంటుంది. అందుకే లినక్స్ మేలు.

తర్వాత రెండో నెట్‌వర్క్‌లోని సబ్‌నెట్‌కి (నెట్‌వర్క్‌లో ఒక చిన్న భాగం) సెక్యూరిటీ గ్రూప్ (ఏ ట్రాఫిక్‌ని రానివ్వాలో చెప్పే రూల్స్ జాబితా) తగిలించి, పోర్ట్ 22ని (లినక్స్ మెషీన్‌లోకి లాగిన్ అయ్యే దారి) 200 నంబరు రూల్‌తో అనుమతించి, 100 నంబరు రూల్‌తో నిరాకరించండి. చిన్న నంబరే ముందు చూస్తారు కాబట్టి దారి మూసుకుంటుంది. సబ్‌నెట్‌కీ, మెషీన్ నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్‌కీ (దాని నెట్‌వర్క్ కార్డుకి) వేర్వేరు గ్రూపులు ఉంటే రెండూ ఒప్పుకుంటేనే ట్రాఫిక్ లోపలికి వస్తుంది.

లెక్క కూడా చేతికి రావాలి. ప్రతి సబ్‌నెట్‌లో 5 చిరునామాలు అజూర్ తన దగ్గర పెట్టుకుంటుంది. అంటే 256 చిరునామాలుండే /24లో మిగిలేవి 251, 8 ఉండే /29లో 3 మాత్రమే.

4. స్టోరేజ్, బ్యాకప్ ఒక వారంలో అయిపోతాయి. ఆర్కైవ్‌లో (అరుదుగా వాడేవి చవకగా దాచే చోట) ఉన్న ఫైలు వెంటనే తెరుచుకోదు, మామూలు ప్రాధాన్యంతో బయటికి తేవడానికి 15 గంటల దాకా పట్టొచ్చు. మెషీన్ బ్యాకప్‌లు దాచే రికవరీ సర్వీసెస్ వాల్ట్ ఆ మెషీన్ ఉన్న రీజియన్‌లోనే (డేటా సెంటర్లున్న ప్రాంతంలోనే) ఉండాలి.

5. మైక్రోసాఫ్ట్ లెర్న్‌లోని ఉచిత ప్రాక్టీస్ టెస్ట్ రాయండి. తప్పయిన ప్రతి ప్రశ్ననీ పోర్టల్‌లో చేసి చూడండి. డంప్స్ (బయటికి పొక్కిన అసలు పరీక్ష ప్రశ్నలు) జోలికి పోవద్దు. పట్టుబడితే సర్టిఫికెట్ రద్దవుతుంది.

6. స్లాట్ బుక్ చేసే ముందు ప్రొఫైల్‌లో పేరు సరిచూసుకోండి. మనవాళ్లకి ఇంటిపేరు ఒక కార్డులో పూర్తిగా, ఇంకోదాంట్లో పొడి అక్షరంగా ఉంటుంది. చూపించబోయే గుర్తింపు కార్డులో ఎలా ఉందో ప్రొఫైల్‌లోనూ అలాగే ఉండాలి, లేకపోతే పరీక్ష రాయనివ్వకపోవచ్చు.

7. పరీక్ష మధ్యలో మైక్రోసాఫ్ట్ లెర్న్ తెరిచి చూసుకోవచ్చు, కానీ గడియారం ఆగదు. పరిమితులు, కమాండ్ల వివరాలకి మాత్రమే వాడండి. కొన్ని 'అవును/కాదు' ప్రశ్నలకి ఒకసారి ముందుకెళ్తే మళ్లీ వెనక్కి రాలేరు.

మొదటిసారి తప్పితే 24 గంటల తర్వాత మళ్లీ రాయొచ్చు, ఆ పైన ప్రతిసారీ 14 రోజులు ఆగాలి. పాసైతే సర్టిఫికెట్ ఏడాది చెల్లుతుంది. గడువుకి 6 నెలల ముందు నుంచే ఆన్‌లైన్‌లో ఉచితంగా రెన్యూ చేసుకోవచ్చు. గడువు దాటిందా, మళ్లీ ఫీజు కట్టి పూర్తి పరీక్ష రాయాల్సిందే.