పలక పట్టకముందే పిల్లలకు మాటలోని మొదటి శబ్దం పట్టించడం ఎలా?

మూడేళ్ళు నిండీ నిండకముందే గోడకు చార్టు అంటించి "అ అంటే అమ్మ, ఆ అంటే ఆవు" అని రోజూ వల్లె వేయిస్తారు. నెల తిరిగేసరికి పిల్లాడు 56 అక్షరాలూ గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతాడు, ఇంటికొచ్చినవాళ్ళు ముచ్చటపడతారు. అదే పిల్లాణ్ణి "అరటిపండు ఏ శబ్దంతో మొదలైంది నాన్నా?" అని అడిగితే నోరు తెరిచి చూస్తాడు. వాడికి వచ్చింది పాట, శబ్దం కాదు. 12 ఏళ్ళుగా నర్సరీ పిల్లలతోనే ఉన్నాను, ప్రతి జూన్‌లోనూ ఇదే తంతు.

కావాల్సినవి ఒక గుడ్డసంచి, వంటింట్లో దొరికే ఏడెనిమిది వస్తువులు, పది నిమిషాల టైము. ఫోను పక్క గదిలో ఉండాలి. పలకా బలపమూ ఇప్పుడే తీయొద్దు. పొద్దున టిఫిన్ తిన్నాకే కూర్చోపెట్టండి, సాయంత్రం కూర్చోపెడితే ఏడుపు తప్ప ఏమీ రాదు.

1. చప్పట్లు

మాటను ముక్కలుగా చేసి చప్పట్లు కొట్టించండి. గ-రి-టె, మూడు. చె-వి, రెండు. అ-ర-టి-పం-డు, ఐదు. రెండు మూడు రోజుల్లో వచ్చేస్తుంది. వత్తులున్న మాటలు మాత్రం మొదటి వారం వద్దు.

2. మొదటి ముక్కను విడదీయడం

అసలు తిప్పలంతా ఇక్కడే. చాలామంది అడగడంలోనే పప్పులో కాలేస్తారు, నేనూ వేశాను. కొత్తలో ఒక పాపను "పిల్లికి ముందు ఏముంటుంది?" అని అడిగితే కాసేపు ఆలోచించి "మీసాలు" అంది. తప్పు పాపది కాదు. నాలుగేళ్ళ పిల్లలకు పిల్లి అంటే పాలు తాగి పారిపోయే పిల్లే, రెండు ముక్కల మాట కాదు. అందుకే అడగొద్దు, వినిపించండి. ఎదురుగా, మీ పెదాలు కనిపించేలా కూర్చుని, సంచిలోంచి మామిడికాయ తీసి "మా... మిడికాయ" అని మొదటి ముక్క దగ్గర ఆగండి. తర్వాత "మా... మయ్య", "మా... ల". నాలుగు రోజులు మీరే చెప్పండి. ఐదో రోజు మామిడికాయ చూపించి ఊరుకోండి, "మా" అని వాడే అందుకుంటాడు. అందుకోకపోతే ఇంకో నాలుగు రోజులు మీరే చెప్పాలి, అంతేగానీ "చెప్పు, చెప్పు" అని వెంటపడితే పిల్లాడు ఊహించి ఏదో ఒకటి అనడం మొదలుపెడతాడు, ఆ అలవాటు మాన్పించడానికి నెల పడుతుంది.

ఇంకో జాగ్రత్త. "క అంటే కాకి" అని చెప్పేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. కాకిలో వినిపించేది క కాదు, కా. గుణింతం తెలిసిన మనకు రెండూ ఒక ఇంటివే, పిల్లాడికి గుణింతం తెలీదు, ఉన్నది చెవి ఒక్కటే. క చెప్పాలంటే కళ్ళు, కత్తెర. కా చెప్పాలంటే కాకి, కాలు. కలపొద్దు.

అచ్చుల్లో అ, ఆ మాత్రమే ముందు. ఎందుకంటే మనం రాసేది ఎలుక, పలికేది యెలుక. రాసేది ఒంటె, పలికేది వొంటె. పిల్లాడు "య" అన్నాడని కసరకండి, వాడు మీకంటే బాగా విన్నాడు. చ, జ కూడా ఇంతే: చెట్టులో చ వేరు, చాపలో చ వేరు, జింకకూ జడకూ అదే తేడా. ఒకే రోజు రెండూ సంచిలో వేయొద్దు. ఇక ణ, ళ అంటారా, వాటితో తెలుగులో మాటే మొదలవదు, వదిలేయండి.

ఇంట్లో ఏ మాట అంటారో అదే వాడండి. మా అత్తగారు ఆనపకాయ అంటారు, మా అమ్మ సొరకాయ అంటుంది. కాయ చూపిస్తే మా అబ్బాయి ఒకరికి "ఆ", ఒకరికి "సొ" చెప్పేవాడు. రెండూ ఒప్పే.

3. వేరేది ఏది?

పప్పు, పసుపు, గరిటె ముందుపెట్టి పేర్లు చెప్పి, కలవనిది తీయమనండి. మొదట ప, గ లాంటి దూరపు శబ్దాలు, బాగా కుదిరాక ప, బ. ఖ, ఘ, ఛ బడికి వదిలేయండి.

ముందు ఇంగ్లీషు నేర్పితే పోలేదా అని అడుగుతుంటారు. తెలుగులో చాలా అక్షరాలకు పేరూ పలుకూ ఒకటే, మ అంటే మ. ఇంగ్లీషులో ఏ ఫర్ యాపిల్ అంటాం, యాపిల్‌లో ఏ ఎక్కడ వినిపించింది? ముందు తెలుగులో చెవి కుదరాలి, ఆ తర్వాతే ఇంగ్లీషు. అప్పుడు కూడా బి అక్షరాన్ని "బ్" అని పొట్టిగా పలకండి, "బ" అని నిండుగా పలికితే బ్యాట్ కాస్తా బయాట్ అవుతుంది.

4. అక్షరం

పళ్ళెంలో బియ్యం పోసి వేలితో దిద్దించండి, మూడు రోజులకు ఒక అక్షరం. ఎప్పుడు మొదలుపెట్టాలో పిల్లాడే చెబుతాడు. మా అబ్బాయి ఓ రాత్రి కంచంలో వంకాయ ముక్కల్ని పక్కకు నెడుతూ "వంకాయ, వంకర, వం!" అన్నాడు. పళ్ళెంలో బియ్యం మర్నాడు పోశాను. వంకాయ మాత్రం తినలేదు.