అమెరికాలో కుక్క ఖర్చును వ్యాపార ఖర్చుగా టాక్సులో చూపడం ఎలా?

గ్యాస్ స్టేషనో, లిక్కర్ స్టోరో, గోడౌనో నడిపే మనవాళ్లలో కొందరు రాత్రి కాపలాకి కుక్కను పెట్టుకుంటారు. దాని తిండి, టీకాలు, శిక్షణ ఖర్చులు టాక్స్ రిటర్నులో రాసుకోవచ్చు. కానీ అది నిజంగా కాపలా కాయాలి. ఇంట్లో ముద్దుగా పెంచుకునే కుక్కని రిటర్ను వేసే రోజున కాపలా కుక్కగా చూపిస్తే, రేపు ఐఆర్ఎస్ (అమెరికా పన్ను శాఖ) అడిగినప్పుడు చెప్పుకోడానికి ఏమీ ఉండదు.

1. ముందు మీకు ఆ దారి ఉందో లేదో చూసుకోండి. సొంత వ్యాపారం ఉండి షెడ్యూల్ సి (రిటర్నుతో పాటు వ్యాపార లాభనష్టాలు చూపే ఫారం) నింపేవాళ్ల కోసమే ఇది. జీతం మీద పనిచేసేవాళ్లు ఇంటి నుంచి పనిచేసినా సరే, ఫెడరల్ రిటర్నులో ఇలాంటి ఖర్చులు చూపే వీలు 2018 నుంచి దాదాపు ఎవరికీ లేదు. హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉంటూ పెంపుడు పిల్లి వీడియోలతో సంపాదిస్తున్నవాళ్లు టాక్సు మాట తర్వాత, ముందు ఇమ్మిగ్రేషన్ లాయరుతో మాట్లాడాలి. వీసాకే ముప్పు రావచ్చు.

2. జంతువు చేసే పనేమిటో కాగితం మీద పెట్టండి. చట్టం అడిగేది ఒక్కటే: ఆ ఖర్చు మీలాంటి వ్యాపారంలో మామూలుగా అయ్యేదేనా, పనికి అవసరమైనదేనా? సౌత్ కెరొలైనాలో పాత ఇనుము యార్డు నడిపే దంపతులు పాముల్నీ ఎలుకల్నీ పట్టే వీధిపిల్లులు అక్కడే తిరగాలని తిండి పెట్టేవారు. 2001లో టాక్స్ కోర్టు తీర్పు వచ్చిన ఆ కేసులో పిల్లుల తిండికి 300 డాలర్లు ఐఆర్ఎస్ ఒప్పుకుంది. పని కళ్లకు కనబడింది కాబట్టే. మీ విషయంలోనూ దొంగతనం జరిగిన తేదీ, పోలీసు రిపోర్టు, కుక్క స్టోరులో ఉండే వేళలు, శిక్షణ ఇచ్చినవాళ్ల బిల్లు ఒకచోట ఉంచండి. కాపలాకి తగిన జాతి, ఒడ్డూపొడుగూ ఉన్న కుక్కయితే మీ మాటకి బలం.

3. ఇంటి వాటా తీసేయండి. కుక్క వారంలో ఐదు రోజులు స్టోరులోనే ఉండి, శని, ఆదివారాలు ఇంటికొస్తే ఏడు వాటాల్లో ఐదే వ్యాపారానివి. ఏడాదికి 1,400 డాలర్లయితే 1,000 రాయండి. ఈ విషయంలో ఆశ పడొద్దు. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే.

4. తిండి, పశువైద్యుడి బిల్లులు షెడ్యూల్ సి ఐదో భాగంలో ‘ఇతర ఖర్చులు’ కింద వేయాలి. కుక్కను కొన్న ధర అక్కడ వేయకూడదు. అది తరుగుదల (కొన్న ధరను కొన్నేళ్లకు పంచి రాసే) లెక్కలోకి వెళుతుంది, సీపీఏ (లైసెన్సున్న అకౌంటెంటు) చేత చేయించండి.

5. రసీదులు రిటర్ను వేసిన రోజు నుంచి కనీసం మూడేళ్లు దాచండి. కార్డు స్టేట్‌మెంట్ ఒక్కటీ చాలదు, ఏం కొన్నారో అందులో ఉండదు.

వైకల్యం ఉన్నవారికి తోడుండే సర్వీస్ డాగ్ ఖర్చు వ్యాపారం కింద రాదు. అది వైద్య ఖర్చు. షెడ్యూల్ ఎ (సొంత ఖర్చుల మినహాయింపులు విడివిడిగా చూపే ఫారం) లో, సర్దుబాటు చేసిన ఆదాయంలో (ఏజీఐ) 7.5 శాతం దాటిన మొత్తానికే మినహాయింపు.

గుర్తింపు ఉన్న స్వచ్ఛంద సంస్థ కోసం అనాథ పిల్లుల్ని ఇంట్లో సాకితే ఆ ఖర్చు విరాళం కిందికొస్తుంది. కాలిఫోర్నియాలో 70కి పైగా పిల్లుల్ని సాకిన ఒకావిడకి 2011లో టాక్స్ కోర్టు చాలా ఖర్చులు ఒప్పుకుంది. 250 డాలర్లు, అంతకు మించిన బిల్లులు మాత్రం వాటిని ధ్రువీకరిస్తూ సంస్థ ఇచ్చిన ఉత్తరం లేనందున ఒప్పుకోలేదు. ఆ ఉత్తరం రిటర్ను వేయకముందే అడిగి తీసుకోండి.