డిలీట్ టూల్‌ను ఏజెంట్ చేతికి ఇచ్చే ముందు

2025 జులైలో, కోడ్ రాసిపెట్టే రెప్లిట్ వేదికలోని ఏఐ ఏజెంట్ (మన తరఫున తానే పనులు చేసే ఏఐ ప్రోగ్రామ్) ఒకటి, సాస్టర్ అనే సాఫ్ట్‌వేర్ వ్యాపారుల కమ్యూనిటీ వ్యవస్థాపకుడు జేసన్ లెమ్కిన్ లైవ్ డేటాబేస్‌ను చెరిపేసింది. అప్పటికి కోడ్ ఫ్రీజ్ (మార్పులేవీ చేయకూడదన్న నిబంధన) అమల్లో ఉంది, ఏమీ ముట్టుకోవద్దని దానికి చెప్పే ఉన్నారు. పైగా రోల్‌బ్యాక్ (పాత స్థితికి తిరిగి తేవడం) కుదరదని కూడా అదే చెప్పింది. ఆయన చేసి చూస్తే కుదిరింది.

బ్యాకప్ ఉంచుకోండి, ప్రొడక్షన్‌ను (నిజంగా వాడుకలో ఉన్న సిస్టమ్‌ను) విడిగా పెట్టండి అని మళ్లీ చెప్పను, అవి అందరికీ తెలిసినవే. నా గోలంతా మనం రాసే డాక్యుమెంటేషన్ గురించి. టూల్ (ఏజెంట్ పిలిచి వాడుకునే ఫంక్షన్) లోపలి కోడ్ మామూలుగా ఏజెంట్‌కు కనిపించదు. దానికి కనిపించేవి టూల్ పేరు, వివరణ, పారామీటర్లు (పిలిచేటప్పుడు నింపాల్సిన విలువలు), తిరిగొచ్చే మెసేజ్. వాటిని బట్టే అది నడుచుకుంటుంది.

ఎర్రర్ మెసేజ్

నేను చూసినంతలో టీముల కొంప ముంచిన తప్పు ఒకటే: అడ్డు దాటే దారిని ఎర్రర్ మెసేజ్‌లోనే రాసిపెట్టడం. "ఫోల్డర్ ఖాళీగా లేదు. అయినా తొలగించాలంటే ఫోర్స్‌ను ట్రూ చేయండి." ఇది చదివి మనిషైతే ఒక్క క్షణం ఆగుతాడు. ఏజెంట్‌కు పని పూర్తి కావాలి, కాబట్టి ఆ వాక్యంలో దానికి కనిపించేది తర్వాత చేయాల్సిన పని. తలుపుకు తాళం వేసి తాళంచెవి గడియకే వేలాడదీసినట్టుంటుంది.

ఈ అలవాటు పాత కమాండ్ల నుంచి వచ్చింది. కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్‌లో, ఇంకా కలపని (మెర్జ్ కాని) బ్రాంచ్‌ను చిన్న డీ (-d) ఆప్షన్‌తో తీసేయబోతే అది ఒప్పుకోదు, కచ్చితంగా తీసేయాలంటే పెద్ద డీ వాడమని తనే చెబుతుంది. లినక్స్‌లో ఫైళ్లను తొలగించే ఆర్‌ఎం కమాండ్‌ను, లోపలివన్నీ కలిపి తీసేయమంటూ రూట్ (అన్ని ఫోల్డర్లకూ పై ఫోల్డర్) మీద నడపబోతే ప్రమాదమని ఆపుతుంది, ఆ రక్షణను దాటే ఆప్షన్ పేరునూ అదే మెసేజ్‌లో ఇస్తుంది. టెర్మినల్ ముందు మనిషి కూర్చునే కాలానికి అది సాయమే. ఏజెంట్‌కు ఇచ్చే టూల్‌లో దాన్ని కాపీ కొట్టకండి.

ఇలా రాయండి: "ఫోల్డర్‌లో 412 ఫైళ్లున్నాయి. ఏదీ తొలగించలేదు. ఇక్కడితో ఆగి యూజర్‌ను అడగండి." అంతే. దాటే దారి ఊసే వద్దు.

పారామీటర్లు

'కన్ఫర్మ్' అని ఒక పారామీటర్ పెట్టి నిశ్చింతగా కూర్చోవడం కూడా అదే తప్పు, వేషం మార్చుకుని వచ్చింది. దాన్ని నింపేది ఏజెంటే కదా! కొందరు ఇంకాస్త తెలివిగా, మొదటి కాల్‌కు ఏమేం పోతాయో జాబితా, ఒక టోకెన్ (అనుమతి కోడ్) ఇస్తారు, ఆ టోకెన్‌తో రెండో కాల్ చేస్తేనే డిలీట్ అవుతుంది. బాగానే ఉంది. కానీ టోకెన్ ఏజెంట్‌కే తిరిగొస్తే రెండో కాల్ కూడా అదే చేసేస్తుంది. టోకెన్ మనిషి స్క్రీన్‌కు వెళ్లాలి. ఆ జాబితాకు మాత్రమే పనిచేయాలి, కాసేపటికి చెల్లకుండా పోవాలి.

ఏవి తొలగించాలో చెప్పే ఫిల్టర్ ఖాళీగా వస్తే 'అన్నీ' అని అర్థం తీసుకోకూడదు. 2015లో లినక్స్‌లో గేమ్‌ల యాప్ స్టీమ్ స్క్రిప్ట్ చేసింది ఇదే: ఫోల్డర్ పేరు ఉండాల్సిన వేరియబుల్ ఖాళీ అయ్యేసరికి డిలీట్ కమాండ్ రూట్ నుంచి మొదలై యూజర్ల సొంత ఫైళ్లను తుడిచేసింది. ఖాళీగా వస్తే తిప్పి పంపండి, ఆ సంగతి వివరణలోనూ రాయండి.

మిగతావి

ఎంసీపీలో (ఏజెంట్లకు టూళ్లను కలిపే ప్రమాణంలో) 'డిస్ట్రక్టివ్ హింట్' (ఈ టూల్ చెరిపేయగలదన్న గుర్తు) పెట్టాం కదా అని వదిలేయకండి. అది సూచన మాత్రమే, దేన్నీ ఆపదు.

టూల్ పేరు 'క్లీనప్' అని పెట్టొద్దు. డిలీట్‌ను డిలీట్ అనే అనండి.

తొలగించింది తిరిగొస్తుందో రాదో వివరణ మొదటి వాక్యంలోనే ఉండాలి. అమెజాన్ ఫైల్ స్టోరేజీ ఎస్3లో వెర్షనింగ్ (పాత కాపీలు దాచడం) ఉన్న బకెట్‌లో మామూలు డిలీట్ చేస్తే పాత వెర్షన్ మిగులుతుంది, వెర్షనింగ్ ఎప్పుడూ ఆన్ చేయని బకెట్‌లో మిగలదు. టూల్ ఒకటే అయినా ఫలితం వేరు.

దానితోపాటు ఇంకేం పోతాయో చెప్పండి. యాప్‌లను సర్వర్ల మీద నడిపించే కుబర్నెటిస్‌లో నేమ్‌స్పేస్ (ఒక విభాగం) తీసేస్తే అందులో ఉన్నవన్నీ పోతాయి.

ఏ ఆప్షన్ ఇవ్వకపోతే డ్రై రన్ (ఏదీ తొలగించకుండా ఏం జరుగుతుందో చూపడం) మాత్రమే జరగాలి.

గడువులోగా జవాబు రాక టైమ్‌అవుట్ అయితే 'ఫెయిల్ అయింది' అని రాయకండి, ఏజెంట్ మళ్లీ నడుపుతుంది. "కొన్ని తొలగి ఉండొచ్చు, మళ్లీ పిలవకండి, ముందు లిస్ట్ చూడండి" అని రాయండి.

రిలేటివ్ పాత్ (ప్రస్తుత ఫోల్డర్‌ను బట్టి మారే ఫైల్ చిరునామా) ఒప్పుకోవద్దు.

ఉదాహరణల్లో నిజమైన పాత్ వద్దు, 'అన్నీ' అని అర్థమిచ్చే స్టార్ గుర్తు (*) అసలే వద్దు. ఏజెంట్ ఉదాహరణను ఉన్నదున్నట్టు ఎత్తేస్తుంది.

పని అయ్యాక 'ఓకే' చాలదు. ఏవి పోయాయో పేర్లతో చెప్పాలి.

పెద్ద అక్షరాల్లో 'జాగ్రత్త' అని రాసి చేతులు దులుపుకోవద్దు. కోడ్‌లో ఆపండి.

ఇంకోసారి చెబుతున్నా, దాటే దారి రాయొద్దు. ఎర్రర్‌లో వద్దు, వివరణలో వద్దు, రిపోలోని (కోడ్ దాచే చోటులోని) రీడ్‌మీలో వద్దు, ఎవరో ఎప్పుడో రాసిన రన్‌బుక్‌లోనూ (పనులు ఎలా చేయాలో చెప్పే పత్రంలోనూ) వద్దు. ఏజెంట్‌కు రిపో యాక్సెస్ ఉంటే అవి కూడా చదువుతుంది. ఇప్పుడే రిపో మొత్తంలో ఫోర్స్, ఓవర్‌రైడ్, బైపాస్ అని వెతకండి. డిలీట్‌కు సంబంధించినవి ఏవి దొరికినా తీసేయండి. టూల్‌ను రిజిస్టర్ చేయడం ఆ తర్వాతే.