బడి వదిలే వేళ గేటు ముందు రద్దీ తగ్గించాలంటే

హైస్కూల్ పక్కన ఇల్లున్నవాళ్ళ గోడు చాలావరకు సాయంత్రం లాంగ్ బెల్‌కి అటూ ఇటూ ఉన్న అరగంట గురించే. ఇంటి ముందు అడ్డంగా కారు, ఆగని హారన్లు, బండ్ల సందుల్లోంచి రోడ్డు మీదకి దూకే పిల్లలు. దీనికి బడివాళ్ళు మామూలుగా చేసేది గేటు దగ్గర ఇద్దరు టీచర్లని నిలబెట్టడం. అది చాలదు. రద్దీ పిల్లలు బయటికి రావడంతో మొదలవదు, బెల్లుకి ఇరవై నిమిషాల ముందే వచ్చి ఆగిన మొదటి కారుతో మొదలవుతుంది.

అన్నిటికన్నా ముందు గేటు చూడండి. రెండు రెక్కలూ తెరుస్తున్నారా? గడియ తుప్పు పట్టి ఒక రెక్క ఏళ్ల తరబడి కదలకపోవచ్చు, లేదా కాపలాకి సులువని వాచ్‌మన్ ఒకటే తెరుస్తుండవచ్చు. మీటరు వెడల్పు దారిలో నిమిషానికి సుమారు 60 మంది తోసుకోకుండా నడిచి పోగలరు. 900 మంది పిల్లలున్న బడిలో 3 మీటర్ల గేటు పూర్తిగా తెరిస్తే 5 నిమిషాల పని, ఒక రెక్కే తెరిస్తే 10. గడియకి నూనె వేయడం కన్నా చవకైన మార్గం ఇందులో మరొకటి లేదు.

తర్వాత ఒక వారం పాటు లెక్క తీయండి. పరీక్షలు, ఆటల పోటీలు, పేరెంట్స్ మీటింగ్ ఉన్న వారం వద్దు. ముగ్గురు మనుషులు కావాలి: ఒకరు గేటు దగ్గర పిల్లల్ని, మిగతా ఇద్దరూ రోడ్డుకి చెరో చివర వాహనాల్ని లెక్కపెడతారు. బెల్లుకి 20 నిమిషాల ముందు నుంచి 20 నిమిషాల తర్వాత వరకు, ఐదేసి నిమిషాలకి ఒక గడి. కాగితం మీద నడక, సైకిలు, బండి, కారు, వ్యాను లేదా బస్సు అని ఐదు వరసలు గీస్తే చాలు. నంబరు ప్లేట్లు రాయకండి, అనవసరంగా తగవులొస్తాయి. రాయాల్సింది ఇంకొకటుంది: ఒక్కో కారు ఎన్ని నిమిషాలు ఆగింది.

అసలు కీలకం అందులోనే ఉంది. ఒక కారు ఆగి, మళ్ళీ బయటికి తిరగడానికి దాదాపు 6 మీటర్లు కావాలి. అంటే 60 మీటర్ల రోడ్డంచున పది కార్లకి చోటు. ఒక్కోటి రెండు నిమిషాలే ఆగితే ఇరవై నిమిషాల్లో అదే చోటు నుంచి వంద కార్లు వెళ్ళిపోతాయి. ఇరవై నిమిషాలూ ఆగి ఉంటే పదే. మిగతావి రెండో వరసలో, పక్కింటి గేటు ముందు నిలబడతాయి. కాబట్టి తల్లిదండ్రులకి చెప్పాల్సింది ‘కారు తేవద్దు’ అని కాదు, ‘ముందే రావద్దు’ అని. ఆ మెసేజ్ ఇలా పెట్టొచ్చు:

‘సోమవారం నుంచి గేటుకి రెండు వైపులా 15 మీటర్లలో ఏ వాహనమూ ఆపకూడదు. కారులో తీసుకెళ్ళేవారు బెల్ కొట్టిన 10 నిమిషాలకి రండి. అప్పటిదాకా మీ పిల్లలు టీచర్ దగ్గర లోపలే ఉంటారు.’

చివరి వాక్యం వదిలేస్తే ఈ మెసేజ్ పనిచేయదు. పిల్ల రోడ్డు మీద ఒంటరిగా నిలబడుతుందన్న భయంతోనే చాలామంది ముందుగా వస్తారు.

ఆ 15 మీటర్లు ఎందుకంటే, గంటకి 30 కిలోమీటర్ల వేగంతో వస్తున్న కారు, డ్రైవరు చూసి బ్రేకు వేసి ఆగేసరికి దాదాపు 13 మీటర్లు వచ్చేస్తుంది. 50లో వస్తుంటే 28 దాకా. ఆగి ఉన్న కార్ల మధ్య నుంచి వచ్చే పదకొండేళ్ల పిల్లాడు డ్రైవరుకి కనపడేది ఆఖరి అడుగులోనే. ఆ చోటుని కోన్లతో గుర్తించండి, రెండేసి మీటర్లకి ఒకటి. దూరం పెంచితే మధ్యలో కారు దూరుతుంది. తాడు కట్టొద్దు, పిల్లలు తట్టుకుని పడతారు. కోన్లు బెల్లుకి అరగంట ముందే పెట్టాలి. పది నిమిషాల ముందు పెట్టడానికి వెళితే అక్కడ అప్పటికే కార్లుంటాయి. రోడ్డు అంచున కోన్లు పెట్టడానికీ, ట్రాఫిక్ ఆపడానికీ బడికి అధికారం ఉండకపోవచ్చు. స్థానిక సంస్థనీ పోలీసుల్నీ ముందే అడిగి, అనుమతి కాగితం మీద తీసుకోండి.

తరగతుల్ని విడతలుగా వదలడం రెండో పని. సైకిళ్ళు ముందు, తర్వాత నడిచి వెళ్ళే చిన్న తరగతులు, తర్వాత పెద్దవి, చివర్న కార్లవాళ్ళు. సైకిళ్ళని గేటు దాటేదాకా నడిపించుకునే వెళ్ళాలి. విడతకీ విడతకీ నాలుగైదు నిమిషాలుండాలి. రెండు నిమిషాల తేడా పెడితే మొదటి విడతలో వెనకబడ్డవాళ్ళు రెండో విడతతో కలిసిపోతారు. మొత్తం మీద 15 నిమిషాలు దాటనివ్వకండి, టీచర్లు ఓర్చుకోరు, బస్సులూ తప్పుతాయి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ఉంటే చిన్నవాళ్ళు పెద్దవాళ్ళ విడతలోనే వెళ్ళాలి, వాళ్ళకి లోపల ఒక చోటు చూపించండి. ఈ పద్ధతి ఎక్కువగా దెబ్బతినేది చివరి పీరియడ్ సాగదీసే టీచర్ వల్ల. ఆ మాట స్టాఫ్ మీటింగ్‌లో మొహమాటం లేకుండా చెప్పేయాలి.

బస్సులు లోపలికి వచ్చే బడిలో ఒకటే సూత్రం: ఆవరణలో పిల్లలుండగా ఏ బస్సూ రివర్స్ చేయకూడదు. అందరూ ఎక్కి, తలుపులన్నీ మూసి, ఒకే మనిషి చెయ్యి ఊపాకే మొదటి బస్సు కదలాలి. బస్సు ముందు నుంచి దాటే పిల్లలు కనీసం 3 మీటర్లు ఎడంగా నడవాలి, అంతకన్నా దగ్గరైతే డ్రైవరుకి కనపడరు.

ఇరుగుపొరుగుని ఆఫీసు రూముకి పిలిచి టీ ఇచ్చి పంపడం వల్ల ఒరిగేదేమీ లేదు. మీ లెక్కలో రద్దీ ఎక్కువున్న రోజు, బెల్లు వేళకి గేటు దగ్గరికే రమ్మనండి, కాగితాలు చేతికిచ్చి రోడ్డు వెంట కలిసి నడవండి. ఒక రిజిస్టరు పెట్టండి: తేదీ, సమయం, ఎవరి ఇంటి ముందు, ఏం జరిగింది, మనం ఏం చేశాం. చివరి గడి వారం దాటి ఖాళీగా ఉండకూడదు.

రెండో వారంలో ఆరంభశూరత్వం చల్లారుతుంది. గేటు దగ్గర పనికి ‘ఖాళీగా ఉన్నవాళ్ళు రండి’ అంటే ఎవరూ రారు. రోజుకి ఇద్దరు చొప్పున, ఒక్కొక్కరికి వారంలో ఒకే రోజు, పేర్లు రాసి గోడకి అంటించండి. వాన రోజుకి వేరే ఏర్పాటు కావాలి: కార్లు పెరుగుతాయి, ఎవరూ దిగరు, గొడుగుల వల్ల పిల్లలకి పక్క కనపడదు. ఆ రోజు విడతల మధ్య సమయం పెంచి, పిల్లల్ని వరండాలోనే ఆపండి. మూడు వారాల తర్వాత వారంలోని అవే రోజుల్లో, అవే గడులతో మళ్ళీ లెక్కపెట్టండి. ఆగిన నిమిషాలు తగ్గకుండా కార్ల సంఖ్య మాత్రమే తగ్గితే, అవి పక్క వీధిలోకి మారాయేమో వెళ్ళి చూడాలి.